అర ఐన్, నిండు ఐన్: నాణెం, జాతి, ప్రామాణ్యం

ఒక జ్ఞానం యథార్థమని ఎలా తేలుతుందనే ప్రశ్న మీద మీమాంసకులకు, నైయాయికులకు మధ్య శతాబ్దాల పాటు వాదం సాగింది. జ్ఞానాన్ని గ్రహించిన క్షణంలోనే దాని యథార్థత కూడా తెలిసిపోతుందని, దాన్ని కాదనడానికే వేరొక కారణం కావాలని మీమాంసకులు వాదించారు. దీనికి స్వతఃప్రామాణ్యవాదమని పేరు. జ్ఞానం కలగడం వేరు, అది నిజమని తేలడం వేరు, రెండోదానికి బయటి ఆధారం ఉండి తీరాలని నైయాయికులు వాదించారు, ఇది పరతఃప్రామాణ్యవాదం. హైదరాబాదులోని అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లో సివిల్ సర్వీసు పరీక్షకు తత్త్వశాస్త్రాన్ని ఐచ్ఛికంగా ఎంచుకున్నవారికి ఈ రెండు పేర్లూ వల్లె వేయక తప్పని పాఠం. ఆ పాఠానికి ఉదాహరణగా పుస్తకాల్లో ఎండమావి నీళ్లు, వెండిలా మెరిసే ముత్యపు చిప్ప కనిపిస్తాయి. నిజమైన వెండితోనే, అదీ ఆ పేటకు అట్టే దూరం లేని టంకశాలలో అచ్చయిన వెండితోనే, ఇంతకంటే చిక్కైన ఉదాహరణ ఒకటి దొరుకుతుంది. అది హాలీ సిక్కా.

హైదరాబాదు రాజ్యపు సొంత నాణేలకు హాలీ సిక్కా అని పేరు. బ్రిటిషు ఇండియా రూపాయిని జనం కళదార్ అనేవారు. హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి వెయ్యింటికి 818 పాళ్లు. కళదార్ బరువు 11.66 గ్రాములు, అందులో వెండి వెయ్యింటికి 917 పాళ్లు. అందుకే ఏడు హాలీ రూపాయలు ఆరు కళదార్ రూపాయలకు సమానమనే మారకపు లెక్క వెండి లెక్కతో దాదాపు సరిపోతుంది. చిక్కడపల్లి దుకాణాల బేరాలు, 1928లో మాడపాటి హనుమంతరావు స్థాపించగా ఈనాడు నారాయణగూడలో ఉన్న ఆంధ్ర బాలికల పాఠశాల వంటి సంస్థల రుసుములు, జీతాలు ఒకప్పుడు ఈ నాణెంలోనే లెక్కకు వచ్చేవి. ఈ డబ్బు 1950 తర్వాత భారత రూపాయితో పాటు కొన్నాళ్లు చెలామణీలో ఉండి, 1959 నాటికి పూర్తిగా రద్దయింది. ఈ పేటల్లోని పాత కుటుంబాల్లో మిగిలిన నాణేలు పూజాపీఠం మీదికో, పెట్టె అడుగుకో చేరాయి. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ పనికిరాని ఆ స్థితిలోనే వాటికి రెండో జీవితం మొదలైంది.

హైదరాబాదు టంకశాలకు 1895లో కొత్త యంత్రాలు వచ్చాయి, 1903లో అది సైఫాబాదుకు మారింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321 ప్రాంతంలో, చార్మినార్ బొమ్మ ఉన్న యంత్రపు అచ్చు నాణేలు వెలువడ్డాయి. కట్టడపు నడిమి ద్వారంలో పాలకుడి పేరులోని తొలి అక్షరం ఉంటుంది: మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై మీమ్, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై ఐన్. హిజ్రీ 1329, 1330 సంవత్సరాల తొలి అచ్చుల్లో ఈ ఐన్ అసంపూర్ణంగా ఉంది. ఆ తర్వాతి అచ్చుల్లో నిండుగా వచ్చింది. సేకర్తలు మొదటిదాన్ని అర ఐన్ అని, రెండోదాన్ని నిండు ఐన్ అని విడదీస్తారు, జాబితా గ్రంథాలు వేర్వేరు సంఖ్యలు ఇస్తాయి. వెండి ఒకటే, తూకం ఒకటే, నాటి సంతలో రెండూ పదహారు అణాలకే మారాయి. భేదమంతా గోరంత అక్షరంలో, అందులోనూ దాని కొసలో ఉంది.

ఇంత చిన్న భేదం నిజంగా ఉన్న భేదమా, చూసేవాడు కల్పించుకున్నదా అన్న ప్రశ్నను న్యాయవైశేషికులు జాతి, వ్యక్తి అనే మాటలతో విచారిస్తారు. అనేక వస్తువుల్లో ఒకటిగా అనుగతమై, వాటన్నిటినీ ఒకే పేరుతో పిలవనిచ్చే నిత్యధర్మం జాతి. దానికి ఆశ్రయమైన ఒక్కొక్క వస్తువు వ్యక్తి. టంకశాల ఆశయమంతా జాతి మీదనే ఉంటుంది. ఒక రూపాయికీ మరో రూపాయికీ తేడా ఉండకూడదు, ఉంటే అది టంకశాల తప్పు. సేకర్త చూపు సరిగ్గా ఆ తప్పు మీదికే పోతుంది. అయితే అతడు వెతికేది వ్యక్తిని అనుకోవడం పొరపాటు. ఒక ఉక్కు అచ్చులో ఉన్న విశేషం ఆ అచ్చు కింద నలిగిన ప్రతి నాణెం మీదా పడుతుంది కాబట్టి, అచ్చు భేదమన్నది పెద్ద జాతిలో ఇమిడిన చిన్న జాతి, శాస్త్రపరిభాషలో అవాంతర జాతి. అమెరికాలో 1955 నాటి ఒక సెంటు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ రోజుల్లో మూలపు ముద్రను పని అచ్చు మీద ఒకటికి రెండుసార్లు ఒత్తవలసి వచ్చేది. ఒకసారి రెండో ఒత్తుడు కొద్దిగా తిరిగిపోయి, అంకెలు, అక్షరాలు జంటగా పడ్డాయి, ఆ అచ్చుతో వచ్చిన ఇరవై వేలకు పైచిలుకు నాణేలు జనంలోకి వెళ్లాయి. అవన్నీ ఒకే రకం. రేకు జారి సగం ముద్రే పడిన నాణెం సంగతి వేరు; ఆ ప్రమాదం మళ్లీ అదే తీరున జరగదు, అది కేవలం వ్యక్తి. సేకర్తల వాడుకలో మొదటిది వెరైటీ, రెండోది ఎర్రర్. ఈ రెంటినీ కలిపేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

ఇక్కడ ఉదయనాచార్యులు కిరణావళిలో లెక్కపెట్టిన జాతిబాధకాలు, అంటే ఒక ధర్మాన్ని జాతి అనకుండా అడ్డుపడే కారణాలు, ఆసక్తికరమైన చిక్కు తెస్తాయి. ఆ ఆరింటిలో మొదటిది వ్యక్తి ఒక్కటే కావడం: ఆకాశం ఒక్కటే కాబట్టి ఆకాశత్వం జాతి కాదు. దీని ప్రకారం లోకంలో ఒకే ఒక్క ప్రతి మిగిలిన నాణెం ఏ రకానికీ చెందదు. అంగడిలో మాత్రం అన్ని రకాల్లోకీ మేలైన రకం అదే. శాస్త్రం జాతిని నిరాకరించిన చోట సేకర్త ధర శిఖరానికి చేరుతుంది. అలాగే అవాంతర జాతులను ఎంతవరకు విభజించుకుంటూ పోవచ్చు అన్న ప్రశ్నకు కూడా అంగడికంటే శాస్త్రమే నిక్కచ్చిగా జవాబిస్తుంది. భూతద్దం బలం పెరిగే కొద్దీ కొత్త భేదాలు పుడుతూనే ఉంటాయి, వాటిలో చాలా భాగం అచ్చు అరిగిపోవడం వల్ల ఏర్పడిన గీతలే తప్ప చెక్కినవాడి చేతి పని కాదు. అర ఐన్‌ను రకంగా ఒప్పుకోవడానికి కారణం ఉంది: అక్కడ ఎవరో ఒకరు అక్షరాన్ని చూసి, చాలలేదనుకుని, మళ్లీ చెక్కారు. అరిగిన అచ్చులో అలాంటి నిర్ణయమేదీ లేదు.

భేదం ఉన్నదే అనుకున్నా, దాన్ని చూడగలిగే కన్ను ఎవరిది? ఈ ప్రశ్నకు నాణెం మీదనే అల్లిన ఒక ప్రాచీన విచారణ బౌద్ధంలో ఉంది. అయిదో శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో విశుద్ధిమార్గం రచించిన బుద్ధఘోషుడు ఆంధ్రదేశానికి చెందినవాడని కొందరు పండితుల అభిప్రాయం. సంజ్ఞ, విజ్ఞానం, ప్రజ్ఞ అనే మూడు స్థాయుల ఎరుకను వేరు చేసి చూపడానికి ఆయన ఒక నాణేల కుప్పను, దాన్ని చూసే ముగ్గురిని తీసుకున్నాడు. పసివాడికి ఆ నాణేల రంగు, ఆకారం మాత్రమే తెలుస్తాయి. పల్లెటూరివాడికి వాటితో పాటు అవి లోకంలో పనికొచ్చే విలువైన వస్తువులని కూడా తెలుస్తుంది. షరాబు మాత్రం ఇది మంచిది, ఇది దొంగది, ఇందులో సగమే సత్తువ అని చెప్పగలడు. చూసి, మోగించి, వాసన చూసి, రుచి చూసి, తూచి, ఏ ఊళ్లో ఏ పనివాడు చేశాడో కూడా చెప్పగలడు. ఈ ముగ్గురినీ హాలీ రూపాయి ముందు నిలబెడితే, ఒకరికి నాలుగు మినార్లు, ఒకరికి పదహారు అణాలు, ఒకరికి అర ఐన్ కనిపిస్తాయి. 1858 తర్వాత, మొగలు చక్రవర్తి పేరు తొలగిన నిజాం నాణేలపై 92 అనే అంకె కూడా ఉంటుంది. అరబ్బీ అక్షరాలకు సంఖ్యావిలువలు ఇచ్చే అబ్జద్ పద్ధతిలో మీమ్ నలభై, హే ఎనిమిది, మీమ్ నలభై, దాల్ నాలుగు, అన్నీ కలిస్తే ముహమ్మద్ ప్రవక్త నామం. అది సంవత్సరమో సంఖ్యో అనుకున్నవారికి అంకెగానే ఉండిపోతుంది, తెలిసినవారి చేత వందనం అందుకుంటుంది. బుద్ధఘోషుడి షరాబుకు కూడా ఈ నాలుగో చూపు లేదు. లోహాన్ని ఎంత మోగించినా 92 అర్థం పలకదు.

షరాబు విద్య సుఖమైనదని ప్రాచీనులు అనుకోలేదు. వినయపిటకంలో రాజగృహానికి చెందిన ఉపాలి అనే బాలుడి తలిదండ్రులు, తమ తర్వాత కొడుకు ఎలా బతుకుతాడా అని ఆలోచిస్తూ, రాత నేర్పిస్తే వేళ్లు నొస్తాయని, లెక్కలు నేర్పిస్తే గుండె నొస్తుందని, రూపవిద్య నేర్పిస్తే కళ్లు నొస్తాయని ఒక్కొక్కటే కొట్టేసి, చివరకు సుఖంగా ఉండేది భిక్షువులేనని తేల్చుకుంటారు. ఈ రూపవిద్య అంటే కార్షాపణ నాణేలను అదే పనిగా తిప్పి తిప్పి చూడవలసిన విద్య అని దాని పాళీ వ్యాఖ్య అయిన అట్టకథ వివరిస్తుంది. అర్థశాస్త్రంలో ఈ పనికి రూపదర్శకుడు అనే రాజోద్యోగి ఉన్నాడు. వ్యవహారంలో చెల్లే నాణెమేదో, ఖజానాలో చేర్చుకోదగినదేదో నిర్ణయించడం అతడి పని. అంటే ప్రామాణ్యం పరతః అన్న పక్షాన్ని రాజ్యం మొదటినుంచీ ఆచరణలో ఒప్పుకున్నట్లే.

ఆధునిక నాణెపు ధ్రువీకరణ ఈ రూపదర్శకుడికి వారసురాలే అయినా, ఒక ముఖ్యమైన విషయంలో దారి మార్చింది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం షెల్డన్ 1949లో తొలినాటి అమెరికా సెంట్ల మీద ప్రచురించిన గ్రంథంలో 1 నుంచి 70 వరకు అంకెల కొలబద్ద ప్రవేశపెట్టాడు. 70వ మెట్టు నాణెం మొదటి మెట్టు నాణేనికి డెబ్భై రెట్లు ధర పలకాలన్నది ఆ లెక్క వెనుక ఉన్న ఊహ. ధరల లెక్క కొన్నేళ్లకే తప్పిపోయింది గాని, అంకెలు మాత్రం నిలిచి లోకమంతా పాకాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు మొదలై, అమ్మేవాడూ కొనేవాడూ కాని మూడో మనిషి నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే పద్ధతిని స్థిరపరిచాయి. సేకర్తలు ఆ పెట్టెను స్లాబ్ అంటారు. పెట్టె మూతపడిన తర్వాత నాణెం కంటికి మాత్రమే అందుతుంది. మోగించడం, తూచడం, అంచును వేలితో తడిమి చూడడం, వీటిలో ఏదీ ఇక సాధ్యం కాదు. ప్రత్యక్షానికి ఉన్న అయిదు ద్వారాల్లో నాలుగు మూసి, ఆ స్థానంలో శబ్దప్రమాణాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను కూర్చోబెట్టడమే ఈ పద్ధతి సారం. పరీక్షించిన ఫలితాన్ని భద్రపరిచే పెట్టె మళ్లీ పరీక్షించే వీలును కూడా భద్రంగా మూసేస్తుంది.

దీన్ని కేవలం వ్యాపారపు మాయగా కొట్టివేయడం న్యాయం కాదు. శబ్దాన్ని అనుమానప్రమాణంలో భాగంగా వైశేషికులు, బౌద్ధులు లెక్కించినప్పుడు, అది స్వతంత్ర ప్రమాణమని నైయాయికులు పట్టుబట్టి నిలబెట్టారు. తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు పసివాళ్ల పాఠంలోనే ఆ మాట చేర్చాడు. అందరూ షరాబులు కాలేరు, దొంగ అచ్చులు నానాటికీ సూక్ష్మమవుతున్నాయి, కాబట్టి ఆప్తుడి మాట అవసరమే. అయితే ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు; అందుకు అతడికి విషయం తెలిసి ఉండాలి, మోసగించాలన్న కోరిక ఉండకూడదు. ధ్రువీకరణ సంస్థల రుసుము చాలాచోట్ల నాణెం విలువను బట్టి పెరుగుతుంది. వారు మోసం చేస్తారని దీని అర్థం కాదు, వారు విషయంతో సంబంధం లేనివారు కూడా కాదని మాత్రమే. పైగా స్లాబ్ పగలగొట్టి అదే నాణేన్ని మళ్లీ పంపితే వేరే అంకె రావడం సేకర్తలకు బాగా తెలిసిన అనుభవం. ఎక్కువ అంకె వచ్చేదాకా పంపుతూ ఉండడం కొందరికి వృత్తి కూడా. ఇక దొంగ స్లాబ్‌లు బయలుదేరాక, పెట్టె మీద మెరుపు ముద్రలు, సంఖ్య సరిచూసుకునే ఏర్పాట్లు వచ్చాయి. నాణేనికి పత్రం, పత్రానికి ముద్ర, ముద్రకు సంఖ్య. తార్కికులు దీన్నే అనవస్థ అంటారు. ఉద్యోగాల పరీక్ష గట్టెక్కి, ధ్రువపత్రాల పరిశీలనకు పిలుపు వస్తే, నకలు నిజమేనన్న గెజిటెడ్ అధికారి సంతకం కోసం ఒకప్పుడు తిరిగిన అభ్యర్థికి, ఆ సంతకం నిజమేనని ఎవరు సంతకం చేస్తారన్న సందేహం వచ్చి ఉంటే, అది ఈ అనవస్థే.

పరతఃప్రామాణ్యం మీద అనవస్థాదోషం వస్తుందని మీమాంసకులు అన్నప్పుడు నైయాయికులు సఫలప్రవృత్తిని చూపారు: నీరు అనుకుని వెళ్లినవాడి దాహం తీరితే, ఆ జ్ఞానం యథార్థమని తేలిపోయింది, ఇంకో సాక్షి అక్కరలేదు. నాణెం చెలామణీలో ఉన్నంత కాలం ఈ జవాబు దానికి చక్కగా సరిపోయేది, ఎందుకంటే చెల్లడమే నాణేనికి దాహం తీరడం. చెల్లడం ఆగిపోయిన హాలీ సిక్కా విషయంలో మిగిలిన ఏకైక సఫలప్రవృత్తి అమ్ముడుపోవడం. కాని అమ్ముడుపోయిన స్లాబ్ కొన్నవాడి నమ్మకాన్ని రుజువు చేస్తుంది గాని, లోపలి వెండిని రుజువు చేయదు. ఎండమావిని చూసి నీరని నమ్మిన ఇద్దరు ఆ నీటిని ఒకరికొకరు అమ్ముకోగలరు. నైయాయికుల జవాబు ఇక్కడ నిలవదనే చెప్పాలి.

దేవతాచిత్రాలున్న నాణేల దగ్గరకు వచ్చేసరికి ఈ చర్చ అంగడి దాటి పూజగదిలోకి ప్రవేశిస్తుంది. 1818 సంవత్సరం, ఈస్టిండియా కంపెనీ పేరు, రామపట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న రాగి బిళ్లలు రామటంకాల పేరిట ఊరూరా దొరుకుతాయి. కంపెనీ అటువంటి నాణేలను ఏనాడూ అచ్చు వేయలేదు. అలాగని కంపెనీ దేవతల జోలికి పోలేదనడమూ తప్పే: మద్రాసు టంకశాల 1808 ప్రాంతంలో అచ్చు వేసిన అర వరహా వెండి నాణెం మీద ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురం, రెండోవైపు పద్మంలోంచి వెలువడుతున్న విష్ణుమూర్తి, చుట్టూ తమిళ, తెలుగు లిపుల్లో విలువ ఉంటాయి. దాని అచ్చు భేదాలను ఆ నక్షత్రాలు లెక్కపెట్టే పోల్చుకుంటారు. ఈ కాలంలో వైష్ణోదేవి చిత్రంతో 2013లో విడుదలైన అయిదు, పది రూపాయల నాణేలు అదృష్టం తెస్తాయనీ, లక్షలు పలుకుతాయనీ వదంతులు పుట్టాయి. పాత నాణేల కొనుగోలు పేరిట, తన పేరు వాడుకుంటూ జరుగుతున్న మోసాలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించవలసి వచ్చింది. వైష్ణోదేవి చిత్రమున్న నాణేలు లౌకికత్వానికి విరుద్ధమన్న వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టివేసింది.

దొంగ రామటంకానికి ఏళ్ల తరబడి పసుపు కుంకుమలు పెట్టిన ఇల్లాలి భక్తి కూడా దొంగదేనా? ముత్యపు చిప్పను వెండి అనుకోవడంలో భ్రమ ఉంది, ఎందుకంటే అక్కడ కోరినది వెండి. రామటంకం ముందు ఆమె కోరినది 1818 నాటి రాగి కాదు, రాముడు. ఆ బిళ్ల మీద రాముడి రూపం కళ్లెదుటే ఉంది. సంవత్సరం అబద్ధమైనంత మాత్రాన రూపం అబద్ధం కాదు. అదే బిళ్లను అపురూపమని చెప్పి వేలకు అమ్మినవాడి దగ్గర మాత్రం ఆ సంవత్సరమే సరుకు. ఒకే వస్తువు ఒకరి చేతిలో యథార్థంగా, మరొకరి చేతిలో అయథార్థంగా ఉండడం సాపేక్షవాదమేమీ కాదు. నిజమా కాదా అన్న ప్రశ్న వస్తువును గురించి గాక, దాన్ని గురించి చేసిన ప్రతిపాదనను గురించి అడగవలసినదని మాత్రమే దీనివల్ల తేలుతుంది.

సూక్ష్మచిహ్నాల పరీక్షలో నాణేలతో పోల్చదగిన మరో విద్య వైదిక సంప్రదాయంలో ఉంది. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలను చక్రాల సంఖ్య, ముఖద్వారం, వర్ణం, రేఖలను బట్టి వాసుదేవ, నరసింహ, లక్ష్మీనారాయణాది భేదాలుగా గుర్తిస్తారు. ఆ పరీక్ష అచ్చు భేదాల పరీక్షకు ఏమాత్రం తీసిపోని శ్రద్ధ కోరుతుంది. సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ అక్కరలేదు, అందులో భగవంతుడి సన్నిధి స్వతస్సిద్ధమని సంప్రదాయం. స్వతఃప్రామాణ్యానికి రాతిలో ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. అయితే దానికి వెల కట్టడం పాపమని కూడా పురాణాలు చెబుతాయి. భేదాలు లెక్కపెట్టడం వేరు, ఆ భేదాలకు వెల కట్టడం వేరు అని, మొదటిది రెండోదాన్ని తప్పనిసరిగా లాక్కురాదని ఆ నిషేధం రుజువు చేస్తుంది. చిక్కడపల్లిలోని ఏ పాత ఇంట్లోనైనా పూజామందిరంలో రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు, పంపకాల నాడు హాలీ రూపాయలు తూకానికి వెళతాయి, సాలగ్రామం పూజ చేయగల కొడుకుతో వెళుతుంది.

చట్టం కూడా తనదైన జాతి విభాగం చేసింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. మీమ్ నాణేలూ అర ఐన్ నాణేలూ ఇప్పటికే ఆ వర్గంలో చేరిపోయాయి; 1943లో అచ్చయినది 2043లో చేరుతుంది, ఆ రోజున దాని వెండిలో ఏ మార్పూ జరగకపోయినా. కాబట్టి విదేశంలోని ఆప్తుడి దగ్గరకు వీటిని పంపే దారి మూసుకుపోయింది. మిగిలినది నైయాయికుల మరో ప్రమాణమైన ఉపమానం: గవయమనే అడవి మృగం ఆవును పోలి ఉంటుందని విన్నవాడు, అడవిలో అటువంటి మృగాన్ని చూసి, గవయమంటే ఇదేనని తెలుసుకోవడం దానికి శాస్త్రం చెప్పే ఉదాహరణ. జాబితాలోని వర్ణనను చదివి, నిస్సందేహమైన మరో ప్రతితో పోల్చి, ఇది అర ఐన్ అని గుర్తించడం అక్షరాలా ఇదే. అటువంటి పోలికకు ఆధారం కాగలిగినవి ప్రభుత్వ సంగ్రహాలే. 1878 నాటి నిక్షేపాల చట్టం కింద పొలాల్లో, పునాదుల్లో బయటపడిన నాణేలు వాటికి చేరుతుంటాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల సంగ్రహం వాటిలో ఒకటి. అక్కడి నాణేలకు డెబ్భైకి ఇన్ని అని అంకె వేయించాల్సిన అవసరం ఎవరికీ రాదు, వాటిని అమ్మే ఉద్దేశం ఎవరికీ లేదు కాబట్టి.